మంచును రానిచ్చేది, రానివ్వనిది

సోమవారం, అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్

విమానాశ్రయం తలుపు దాటి రెండడుగులు వేశానో లేదో, ముక్కులోని తడి గడ్డకట్టింది. నొప్పేమీ లేదు. లోపలి సన్న వెంట్రుకలు ఒకదానికొకటి అతుక్కుని, గాలి పీల్చినప్పుడల్లా చిటపటమంటున్నట్టు తోచింది. "నోటితో గట్టిగా పీల్చకక్కా, దగ్గొస్తుంది" అన్నాడు తమ్ముడు, నా చేతిలో పెట్టె అందుకుంటూ. మైనస్ 31 డిగ్రీలట.

మాది నర్సీపట్నం. పైనే లంబసింగి. అక్కడ సున్నా దగ్గరకి దిగిందంటే మర్నాడు పేపర్లో ఫొటో పడుతుంది, జనం కార్లేసుకుని తెల్లవారుజామునే బయల్దేరతారు. ఆ చలికే రెండు దుప్పట్లు కప్పుకుని పెరిగినదాన్ని. ఇక్కడ కార్ల ముందు నుంచి కరెంటు తీగలు వేలాడుతున్నాయి. రాత్రి ఇంజనుకు వేడి తగిలేలా ప్లగ్గులో పెడితేనే పొద్దున స్టార్టవుతుందని చెప్పాడు.

నేను వచ్చింది తమ్ముణ్ణి, మరదల్ని చూడటానికే. కానీ ఇంకో పని కూడా ఉంది. 27 ఏళ్లుగా డిగ్రీ పిల్లలకి జువాలజీ చెబుతున్నాను. కీటకాల పాఠంలో ఒక వాక్యం వస్తుంది: "శీతల ప్రాంతాల కీటకాలు చలికాలంలో సుప్తావస్థలోకి వెళ్తాయి." చాలా ఏళ్ల క్రితం ఒకమ్మాయి లేచి, "నిద్రపోతే గడ్డకట్టవా మేడం?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తరవాత చదివి తెలుసుకున్నాను గానీ, చూసి తెలుసుకోవాలన్న కోరిక ఉండిపోయింది. తమ్ముడి పక్కింట్లో ఉండేది యూనివర్సిటీలో కీటకాల మీద పరిశోధన చేస్తున్న విద్యార్థిని. పురుగుల్ని సేకరించే అనుమతి ఉన్న మనిషి. "మీ అక్కగారు చలికాలంలోనే రావాలి. ఎండాకాలం వస్తే నేను చూపించేదేముంది?" అందట. అందుకే ఫిబ్రవరి మొదటి వారం.

మంగళవారం, గుట్ట మీద బర్చ్ అడవి

పొద్దున తొమ్మిదిన్నరకి ఆకాశం తెల్లబడింది. ఇంటి దగ్గర మైనస్ 34. గుట్ట ఎక్కుతుంటే కారులోని థర్మామీటరు తగ్గాల్సింది పోయి పెరగడం మొదలెట్టింది. మైనస్ 30, 27, పైకి చేరేసరికి 23. ఎత్తుకు పోతే చలి పెరుగుతుందనే కదా మన అనుభవం, ఇక్కడ తలకిందులు. గాలి కదలని రోజుల్లో బరువైన చల్లగాలి లోయలోకి జారి అక్కడే పేరుకుంటుంది, వెచ్చటి గాలి దాని మీద మూతలా కూర్చుంటుంది. ఊరు ఉన్నది అడుగున. ఈ సంగతి బుర్రలో పెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

బర్చ్ అంటే మన భూర్జపత్రాల చెట్టు జాతే. తెల్లటి బెరడు కాగితం పొరల్లా ఊడి వస్తుంది. ఆ అమ్మాయి బతికున్న చెట్ల జోలికి పోలేదు. చచ్చి నిలబడిన మాను ఒకటి వెతికింది, ఒళ్లంతా గిట్టల్లాంటి పుట్టగొడుగులు పట్టి ఉన్నదాన్ని. వదులైన బెరడు అంచులోకి సన్నని చాకు దూర్చి, పుస్తకం అట్ట తెరిచినట్టు తెరిచింది.

లోపల పొడి చెక్కపొట్టులో ఆరు నల్లటి పెంకు పురుగులు, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఒక్కోటి చింతగింజంత. రెక్కల పెంకు మీద నలిగిన తోలు మీదలా ముడతలు, కాళ్లు కాస్త పొడుగు. పేరు యూపిస్ సెరంబాయిడిస్. జీవులకి జంటపేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1758లోనే నమోదు చేసిన పురుగు. ఉత్తర యూరప్ నుంచి సైబీరియా మీదుగా అలాస్కా, కెనడా దాకా ఉంది. మన పిండి డబ్బాల్లో పట్టే చిన్న ఎర్ర పెంకు పురుగుదీ ఇదే కుటుంబం. ఆ సంగతి తమ్ముడికి చెబితే వాడికి అమ్మ జల్లెడ గుర్తొచ్చింది.

"చెయ్యి చాపండి" అందా అమ్మాయి. పైన వేసుకున్న లావుపాటి తొడుగు తీసి, లోపలి పల్చటి తొడుగుతోనే అందుకున్నాను. బరువు తెలియలేదు. దాన్నే తీసుకుని స్టీలు గిన్నెలో వదిలింది. టింగుమంది. చిన్న గులకరాయి పడ్డ చప్పుడు. మళ్లీ వదిలింది, మళ్లీ అదే చప్పుడు.

"ఇది గడ్డకట్టి ఉంది. లోపలంతా మంచే. అయినా బతికే ఉంది."

పాఠంలో ఎన్నిసార్లు చదివినా ఆ చప్పుడు వినేదాకా నాకు నమ్మకం కలగలేదనే చెప్పాలి.

దీని పద్ధతి ఇది. మంచు ఎప్పటికైనా రాక తప్పదు కాబట్టి దాన్ని తొందరగానే, తాను సిద్ధంగా ఉండగానే రానిస్తుంది. చలికాలం ముందు దీని రక్తంలో మంచు స్ఫటికానికి విత్తనంలా పనికొచ్చే పదార్థాలు చేరతాయి. వాటివల్ల మైనస్ ఏడెనిమిది డిగ్రీలకే గడ్డకట్టడం మొదలవుతుంది. ఈ మంచు ఒంట్లోని జీవకణాల లోపల పుట్టదు, వాటి చుట్టూ ఉన్న ద్రవంలో పుడుతుంది. అది పెరిగేకొద్దీ కణాల్లోని నీరు మెల్లగా బయటికి వచ్చేస్తుంది, లోపల మిగిలేది చిక్కటి రసం. ఆ రసం కణాన్ని కాపాడాలంటే చక్కెరల చుట్టాలు కావాలి. 1975లో ఈ పురుగులోనే థ్రైటాల్, సార్బిటాల్ కనిపించాయి. సార్బిటాల్ అంటే మన టూత్‌పేస్టుల్లో వేసేదే. ఇలా సిద్ధపడ్డ యూపిస్ మైనస్ 60 దాకా తట్టుకుంటుంది.

2009లో కెంట్ వాల్టర్స్, జాక్ డ్యూమన్, బ్రయన్ బార్న్స్ తదితరులు దీన్నుంచి ఇంకో వింత పదార్థం తీశారు: జైలోమానన్. మంచు పెరుగుదలని అడ్డుకునే పదార్థాలు చేపల్లో, పురుగుల్లో అప్పటికే చాలా తెలుసు, అవన్నీ ప్రోటీన్లో ప్రోటీను ఆనవాళ్లున్నవో. ఇందులో ప్రోటీన్ లేదు. జైలోజ్, మానోజ్ అనే చక్కెరలు, వాటిని అంటిపెట్టుకుని కొవ్వు ఆమ్లం. మంచును రానిచ్చే పురుగుకి మంచును అడ్డుకునే పదార్థం ఎందుకు? రానిచ్చినదాన్ని గీత దాటనివ్వకుండా ఉంచడానికి అది కణాల పొర మీద కాపలా కాస్తుందేమోనని పరిశోధకుల ఊహ. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఒక్క పురుగుని డబ్బాలో పెట్టుకుంది. మిగతా ఐదింటిని ఉన్నచోటే ఉంచి, బెరడు మూసి, పైనా కిందా దారం చుట్టింది. డబ్బాని ఇంటి వెనక నీడలో, బయటే ఉంచాం.

బుధవారం, ఇంట్లోనే

మైనస్ 41. సెల్సియస్, ఫారన్‌హీట్ రెండూ ఒకటయ్యే అంకె మైనస్ 40 దాటిపోయింది. కార్ల పొగలోని ఆవిరి కూడా వెంటనే సన్నటి మంచు పలుకులై వీధిలో తేలుతోంది, ఎదురిల్లు కనిపించదు. ఈ ఊరు ఇంతకన్నా చూసింది, 1934 జనవరిలో మైనస్ 54. రెండో పురుగుని చూడటానికి ఉత్తరాన వైజ్‌మన్ అనే ఊరికి వెళ్లాల్సిన ప్రయాణం రేపటికి వాయిదా.

మరదలు దారిలోకి పల్లీ చిక్కీ చేస్తానంది. "వదినా, పాకం నువ్వు చూడు, నాకు ఎప్పుడూ చెడిపోతుంది" అంటే పొయ్యి దగ్గర నిలబడ్డాను. బెల్లం కరిగి, తీగపాకం దాటి, చన్నీళ్లలో వేస్తే ఉండకట్టి, ఇంకా ముదిరాక పళ్లెంలో రెండు చుక్కలు వేసి చూశాను. ఆరాక అది గోధుమరంగు గాజుముక్కలా ఉంది. గోటితో కొడితే టక్కుమంది. అందులో ఒక్క పలుకు లేదు.

మేం చూడబోయే రెండో పురుగు ఒంట్లోకి మంచునే రానివ్వదు. దాని సంగతి నాకు అక్కడ పూర్తిగా అర్థమైంది. గట్టిపడటం రెండు రకాలు. పంచదార పాకం పలుకు కడితే తెల్లబడి, గరుగ్గా, ముళ్లముళ్లగా గట్టిపడుతుంది. పలుకు కట్టకుండా చిక్కబడి చిక్కబడి ఆగిపోతే గాజు అవుతుంది. మొదటిది స్ఫటికం, అది కణాన్ని చీల్చేస్తుంది. రెండోదానిలో ఎక్కడి అణువు అక్కడే ఆగిపోతుంది, దేన్నీ చీల్చదు. పాకం పలుకు కట్టకుండా మనం నిమ్మరసం పిండుతాం, ఆ పురుగు తన ప్రోటీన్లు పెట్టుకుంటుంది.

సాయంత్రం పగిలిన పెదాలకి సంచిలోంచి గ్లిజరిన్ సీసా తీసి రాసుకున్నాను. ఆ పురుగు ఒంట్లో నిండి ఉండేదీ గ్లిజరినే. సీసాని దీపం కిందపెట్టి వంచి చూశాను. ఎంత మెల్లగా జారుతుందో!

గురువారం, డాల్టన్ హైవే

చలి కాస్త తగ్గింది, మైనస్ 29. పొద్దున ఆరింటికే బయల్దేరాం: నేను, తమ్ముడు, ఆ అమ్మాయి. వైజ్‌మన్ దాకా సుమారు 430 కిలోమీటర్లు. ఈ దారి 1974లో చమురు పైపులైను కోసం వేసింది. పైపు దారి పొడుగునా పక్కనే వస్తుంది, నేల కింద మంచు కరగకుండా చాలాచోట్ల గుంజల మీద ఎత్తి పెట్టారు. యూకాన్ నది వంతెన దాటాం, ఆర్కిటిక్ వలయం బోర్డు దగ్గర దిగి ఫొటో తీసుకున్నాం. ఫోను రెండు నిమిషాల్లో చలికి ఆగిపోయింది, ఆ ఫొటో దక్కలేదు.

ప్రాస్పెక్ట్ క్రీక్ దగ్గర కారు ఆపించాను. అక్కడ చూడటానికి ఏమీ లేదు, పొట్టి స్ప్రూస్ చెట్లు, ఒక వాగు. కానీ 1971 జనవరి 23న ఇక్కడి శిబిరంలో మైనస్ 62.2 నమోదైంది. అమెరికా దేశంలో అంతకన్నా తక్కువ ఇంకెక్కడా నమోదు కాలేదు. ఆ రాత్రి శిబిరంలోని మనుషులకి పొయ్యిలున్నాయి. దుప్పులకి బొచ్చుంది. నేల మీది చిన్న జీవులకి పైన మంచు దుప్పటి ఉంది, మోకాలి లోతు మంచు కింద నేల దగ్గర చలి ఎన్నో డిగ్రీలు తక్కువ. చచ్చిన మానుల బెరడు కింద, మంచు మట్టానికి పైన ఉన్న పెంకు పురుగులకి వేలెడు మందం కూడా లేని బెరడు తప్ప అడ్డం లేదు. బయట ఎంతో లోపలా అంతే. ఐదు నిమిషాలు నిలబడేసరికి కాలివేళ్లు తిమ్మిరెక్కాయి.

చీకటి పడ్డాక కోల్డ్‌ఫుట్‌లో పెట్రోలు పోయించుకుని వైజ్‌మన్ చేరాం.

శుక్రవారం, వైజ్‌మన్

బ్రూక్స్ పర్వతాల నడుమ, కొయుకుక్ నది మధ్యపాయ ఒడ్డున కొన్ని చెక్క ఇళ్లు. ఊరంతా కలిపి పట్టుమని పాతికమంది ఉండరు. బంగారం వేటలో పుట్టిన ఊరు. పొద్దున మైనస్ 36, పొగగొట్టాల పొగ నిటారుగా లేచి ఒక ఎత్తులో బల్లపరుపుగా పరుచుకుంది. ఇక్కడా అదే, చల్లగాలి అడుగున పేరుకుంది. మేం వెళ్లాల్సింది సరిగ్గా ఆ అడుగుకే, నది ఇసుకమేటల్లోని పాప్లార్ చెట్ల దగ్గరికి.

మంగళవారం నాటి బర్చ్‌లు గుట్టల మీద, ఎండ తగిలే వాలులో పెరిగినవి. ఈ బాల్సం పాప్లార్లు నది పక్క, వరద నీరు తాకే నేలలో పెరుగుతాయి. అక్కడ బెరడు కింద పొడి పొట్టు. ఇక్కడ ఒకట్రెండేళ్ల క్రితం చచ్చిన మాను, బెరడు కింద కుళ్లి జిగటబారిన తడి పొర. ఆ తడి అంతా ఇప్పుడు గడ్డకట్టి, తెరిచిన చోటల్లా మంచు పలుకులు మెరిశాయి.

నడుము లోతు మంచులో నడిచి, వాలిపోయిన ఒక పెద్ద మాను దగ్గర ఆగాం. ఆ అమ్మాయి అరచేయంత బెరడు లేపింది. మొదట నాకేమీ కనిపించలేదు. తలదీపం పక్కనుంచి వేసి చూపించింది.

మంచు పలుకుల మధ్య ఒక ఎర్రటి గీత. అదే పెద్ద పురుగు. మన ఆరుద్ర పురుగు ఎరుపు గుర్తొచ్చింది, అది పెంకు పురుగు జాతి కాకపోయినా ఆ రంగు అదే. పొడవు సెంటీమీటరుకి కాస్త ఎక్కువ, మందం మాత్రం గోరంత కూడా లేదు, ఇనుప గుండు కింద పెట్టి అదిమినట్టు చప్పిడి. క్యూకుజస్ క్లావిపెస్ ప్యూనిసియస్. పక్కనే దాని పిల్లపురుగులు నాలుగు. మైనం రంగులో, అంతే చప్పిడిగా, తోక చివర రెండు కొక్కేలతో ఉన్నాయి. పిల్లపురుగులూ పెద్దవీ రెండూ ఇలాగే చలికాలం గడుపుతాయి.

చుట్టూ మంచు. వీటి ఒంటిని తాకుతూ మంచు. కుంచె మొనతో ఆ అమ్మాయి ఒక పిల్లపురుగుని మెల్లగా నొక్కింది. అది వంగింది. రాయిలా లేదు. మైనస్ 36లో, మంచు ముక్కల మధ్య పడుకుని, అది గడ్డకట్టలేదు!

నాకు కళ్లు చెమర్చాయి, ఆ తడి రెప్పలకి అంటి గడ్డకట్టింది. తమ్ముడు కంగారుపడి "ఏమైందక్కా?" అన్నాడు. వాడికెలా చెప్పను?

దీని పద్ధతి యూపిస్‌కి పూర్తిగా ఎదురు. మంచుకి ఒక్క విత్తనం కూడా దొరక్కుండా చూసుకుంటుంది. కడుపులో స్ఫటికం పుట్టడానికి ఆస్కారమున్నదాన్నంతా ఖాళీ చేసుకుంటుంది. రక్తంలో మంచును ఆపే ప్రోటీన్లు నింపుకుంటుంది, బయటి మంచు చర్మం గుండా లోపలి నీటికి అంటుకోకుండా కాచేది అవే. గ్లిజరిన్ పేరుస్తుంది. ఇంకా చలి ముదిరితే ఒంట్లో నీరే తగ్గించేసుకుంటుంది, లోతుగా చల్లబడ్డ పిల్లపురుగుల్లో నీరు 28 నుంచి 40 శాతమే. అంటే ముదురుపాకం. టాడ్ స్ఫోర్మో, బార్న్స్, డ్యూమన్ తదితరులు 2010లో ప్రచురించిన పరిశోధనలో కొన్ని పిల్లపురుగులు మైనస్ 150కి తీసుకెళ్లినా గడ్డకట్టలేదు, గాజులా బిగుసుకున్నాయి. మైనస్ 100 దాకా చల్లబరిచాక కూడా వాటిలో కొన్ని బతికాయి. వాళ్లు పురుగుల్ని తెచ్చుకున్న చోట్లలో ఈ వైజ్‌మన్ ఒకటి. దక్షిణాన ఇండియానాలో ఇదే జాతి పురుగులు ఉన్నాయి, అవి ఇంత లోతు చలికి దిగలేవు.

అయితే దీనికి రెండో అవకాశం లేదు. ఎక్కడైనా ఒక్క స్ఫటికం లోపల పుట్టిందా, క్షణాల్లో ఒళ్లంతా పాకుతుంది, ప్రాణం పోతుంది. యూపిస్ మంచుతో కాపురం చేస్తుంది. ఇది గుమ్మంలోనే నిలబెట్టి చలికాలమంతా తలుపు పట్టుకుని నిలబడుతుంది. మరి తలుపు పట్టుకోవాల్సిన పురుగు ఎక్కడుందో చూడండి, తడి ఎక్కువున్న చెట్టులో, చల్లగాలి పేరుకునే లోయ అడుగున. పొడి బెరడులో, గుట్ట మీద ఉన్నదేమో మంచును లోపలికి పిలుచుకుంటుంది. నేనైతే అటుదిటు, ఇటుదటు ఉంటే న్యాయమనుకునేదాన్ని. ఆ అమ్మాయిని అడిగాను. ఏ పురుగు ఏ దారి పట్టిందన్నది దాని వంశం వెనకటి చరిత్రలో ఉంటుంది, చెట్టుని చూసి దారి ఎంచుకోలేదు అంది. పైగా ఇంత చప్పిడి ఒళ్లు దూరగలిగేది ఆ తడి పొరలోనే. బెరడు పాతబడి ఎండి వదులయ్యాక ఆ మాను దీనికి పనికిరాదు.

బెరడు ముక్కని యథాస్థానంలో పెట్టి, పైన మంచు కప్పి వచ్చేశాం. ఇక్కడినుంచి ఒక్కదాన్నీ తీసుకోలేదు.

రాత్రి ఆకాశంలో అరోరా, ధ్రువాల దగ్గర కనిపించే ఆ వెలుగు, వచ్చింది. పచ్చటి తెర కొండ మీంచి కొండ మీదికి జారింది. చూశాను, గొప్పగా ఉంది. నా మనసు మాత్రం నది ఒడ్డునే ఉంది.

శనివారం

తిరుగు ప్రయాణం, ఎనిమిది గంటలు. చిక్కీ అయిపోయింది.

ఆదివారం, ఫెయిర్‌బ్యాంక్స్

వెనక నీడలో ఉంచిన డబ్బాని వీధి గుమ్మం గదిలోకి తెచ్చాం. ఇక్కడి ఇళ్లకి రెండు తలుపుల మధ్య చిన్న గది ఉంటుంది, అక్కడ వేడి పెట్టరు. మొదట అక్కడ గంట, తరవాత లోపలి గదిలో కిటికీ పక్కన. తెల్లకాగితం మీద నల్లటి యూపిస్. నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

పెంకు మీద సన్నటి తేమ పట్టింది, ఆరింది. చాలాసేపు ఏమీ లేదు. తరవాత ఎడమ మీసం కొన కొద్దిగా కిందికి వాలింది. కరిగి వాలిందో, తానే వాల్చిందో తెలియలేదు. మరి కాసేపటికి వెనక కాలి కొన మడిచింది, చాపింది. ముందుకాళ్లు కాగితాన్ని గీరాయి, ఆ గీరుడు వినబడింది. ఆపైన లేచి నిలబడి, కొంచెం తూలి, కాగితం అంచుదాకా నడిచింది. మరదలు చేతిలో కాఫీ గ్లాసు అలాగే పట్టుకుని, "వదినా, నడుస్తోంది" అంది మెల్లగా.

ఆనాడు ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు పాడేరు వైపు ఒక బడిలో సైన్సు టీచరు. వాట్సాప్‌లో వీడియో పంపాను. "గడ్డకడుతుంది. కట్టినా బతుకుతుంది. కట్టకుండా బతికేది ఇంకోటుంది, అదీ చూశాను" అని రాశాను. అక్కడ తెల్లవారుజామైనా వెంటనే జవాబొచ్చింది: "మేడం, ఇప్పుడు దాన్ని మళ్లీ చలిలో పెడితే?"

అదే అసలు ప్రశ్న. నేను అప్పటికే డబ్బా బయట పెట్టేయబోతున్నాను. పక్కింటి అమ్మాయికి ఫోన్ చేస్తే, "వద్దు వద్దు, ఒక్కసారిగా వద్దు" అంది. ఫెయిర్‌బ్యాంక్స్‌లోనే కీత్ మిల్లర్ 1978లో ఈ పురుగు మీదే ఆ సంగతి ప్రచురించాడట. మెల్లగా చల్లబడితే భయంకరమైన చలికీ బతుకుతుంది, తొందరగా చల్లబరిస్తే చచ్చిపోతుంది. కణాల్లోంచి నీరు బయటికి రావడానికి వ్యవధి కావాలి కదా.

ఉన్ని మేజోడులో డబ్బా, దాన్ని పాత దుప్పటి ముక్కలో, దాన్ని థర్మోకోల్ పెట్టెలో పెట్టాం. గుమ్మం గదిలో రాత్రి పదకొండు దాకా ఉంచి, ఆ తరవాత మెట్ల మీదికి జరిపాం. రాత్రి రెండుసార్లు లేచి చూసొచ్చాను.

సోమవారం

మధ్యాహ్నం విమానం. పొద్దున తమ్ముడు, నేను గుట్ట ఎక్కాం. పైన మైనస్ 21. ఆ చచ్చిన బర్చ్ దగ్గర డబ్బా తెరిచి, పురుగుని మూతలోకి వంచాను. టింగుమంది. దారం విప్పి, బెరడు తెరిచి, మిగతా ఐదింటి పక్కన, కాళ్లు కిందికి వచ్చేలా కుంచెతో సర్దాను. తమ్ముడు బెరడు అదిమిపట్టుకుంటే నేను దారం చుట్టి ముడివేశాను. తొడుగు లేని వేళ్లకి ముడి వెంటనే పడలేదు.

"మే నెలలో వచ్చి చూసి చెప్తాలే అక్కా" అన్నాడు. చెట్టు గుర్తుండటానికి కొమ్మకి తన ఎర్ర రుమాలు కట్టాడు.